అతిథి కట్టే జరిమానా

ఫోనుకు వచ్చిన సందేశం చిన్నదే. ఫలానా నంబరు స్కూటరు మీద హెల్మెట్ లేకుండా వెళ్ళినందుకు అయిదు వందలు కట్టమని. నంబరు నాదే. స్కూటరును మాత్రం ఆరు నెలల కిందటే మా వీధిలోని ఒక కుర్రవాడికి అమ్మేశాను. ఫోటోలో ఉన్నవాడికి ఒత్తైన జుట్టు ఉంది. నన్ను ఎరిగినవాళ్ళకు అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

కట్టేయండి, అంది మా ఆవిడ. సెలవు పెట్టి స్టేషను చుట్టూ తిరిగితే పోయే జీతం అంతకంటే ఎక్కువ. లెక్క సరైనదే. మా నాన్నగారు ఉండి ఉంటే ఇంకో మాట కలిపేవారు: "పరాయి చోట మనకెందుకురా గొడవ?" ఆయన పుట్టింది బెంగుళూరులోనే. మా తాతగారు పోయిందీ ఇక్కడే. అయినా ఆ 'పరాయి' మాట మా ఇంట్లోంచి పోలేదు. కన్నడం ధారాళంగా మాట్లాడతాం, ఓటు వేస్తాం, ఇంటి పన్ను కడతాం. ఖాకీ బట్టలు ఎదురైతే మాత్రం అతిథులమైపోతాం. పప్పులో ఉప్పు తక్కువైందని అతిథి అనడు కదా!

కాబట్టి నిలబడి వాదించాలనే అనుకున్నాను. చేయని పనికి డబ్బు కట్టడమంటే చేశానని ఒప్పుకోవడమే. పైగా 2023 ఫిబ్రవరిలోనూ 2025లోనూ ఈ పాత జరిమానాలను ప్రభుత్వం సగానికి తగ్గించినప్పుడు జనం ఎగబడి కట్టారు. వాళ్ళలో ఎందరు తాము చేసిన తప్పుకు కట్టారో, ఎందరు బేరం బాగుందని కట్టారో! శిక్షకు తగ్గింపు ధర వచ్చాక అది శిక్షో బాకీయో నాకు తెలియడం లేదు.

అర్జీ రాయడానికి కూర్చున్నాక నా ఆవేశం కొంత చల్లారింది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం బండి అమ్మినవాడు ఆ సంగతి 14 రోజుల్లోగా ఆఫీసుకు తెలియజేయాలి. నేను తెలియజేయలేదు. రేపు మాపు అంటూ గడిపేశాను. హెల్మెట్ సంగతి పోనీయండి, ఆ కుర్రవాడు ఎవరినైనా గుద్ది ఉంటే? పుస్తకంలో ఎవరి పేరుంటే పరిహారానికి వాళ్ళే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. అంటే నా తప్పు ఉంది, కాని నోటీసులో రాసిన తప్పు కాదు. అది అయిదు వందల కంటే పెద్దదేమో కూడా.

సంగతి తెలిసి ఆ కుర్రవాడు వచ్చాడు. "అంకుల్, నేనే కట్టేస్తాను, ఫోను ఇవ్వండి" అన్నాడు. మంచివాడే. కాని డబ్బు వాడిదైనా తప్పు నా పేరునే ఉండిపోతుంది. వాడి మంచితనం నా బద్ధకాన్ని కప్పిపెట్టడానికే పనికొస్తుంది. వద్దన్నాను.

ఎదురు చెప్పడమంటే అన్నీ కాదనడమే అని మనలో ఒక అభిప్రాయం ఉంది. 1917లో చంపారన్ విడిచి పొమ్మన్న ఉత్తర్వును ధిక్కరించిన గాంధీగారు మోతిహారి కోర్టులో ధిక్కరించలేదని బుకాయించలేదు. ధిక్కరించానని ఒప్పుకుని, ఎందుకో చెప్పారు. నా స్కూటరు గొడవకు అంత పెద్ద పేరు తేవడం అతిగానే ఉంటుంది. అయినా చేసినదెంతో అంతే ఒప్పుకోవడం ఎలాగో అక్కడ కనిపిస్తుంది.

అర్జీ కన్నడంలో రాశాను. బండి నడిపింది నేను కాదని ఒక పేరా, అమ్మినట్టు తెలియజేయకపోవడం నా తప్పేనని ఒక పేరా. స్టేషనులో ఆయన మొదటిది చదివి తలూపాడు, రెండోది చదివి నా ముఖంలోకి చూశాడు. "ఇది ఎందుకు రాశారు?" అన్నాడు. ముందు పేరు మార్పించుకుని, ఆ కాగితంతో రమ్మన్నాడు. అయిదు వందలు ఇంకా నా పేరునే ఉన్నాయి.

మర్నాడు 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు చేయడానికి ఆ కుర్రవాడు స్కూటరు వేసుకుని వచ్చాడు. నెత్తిన కొత్త హెల్మెట్. ధర చీటీ ఇంకా పీకలేదు. తొమ్మిది వందల యాభై.