పదకొండు పాపాలు

కూరలో ఉప్పెక్కువైతే ఇంట్లోవాళ్లు చెబుతారు. రాతలో ఒక మాట ఎక్కువైతే ఎవరు చెబుతారు? మన నాలుక్కి మన చేతి ఉప్పు అలవాటైపోయి ఉంటుంది కదా!

మొన్నామధ్య బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మీద రెండు పేజీలు రాశాను. 1937లో పెట్టారు, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు, 2015 డిసెంబరులో మూతపడింది. రాసి, కళ్లు తుడుచుకుని, పక్కింటి పెద్దమ్మకి చదివి వినిపించాను. ఆవిడ పెనిమిటి అందులోనే పనిచేశాడు.

అంతా విని, "మంచిగనే ఉంది బిడ్డా. గని పాపం, పాపం అని ఎన్నిమాట్ల అన్నవ్?" అంది.

లెక్కపెట్టాను. పదకొండు! పాపం కార్మికులు, పాపం చెరకు రైతులు, పాపం ఖాళీ క్వార్టర్లు...

"పాపం అంటే ఏం సమజైతది? మిల్లు బందైనంక కూడ మీ పెదనాయన పొద్దుగాల్నే లేచి, అంగి తొడుక్కొని, ఎటు వోవాల్నో తెల్వక అరుగు మీద కూసునేటోడు. అది రాయకపోతివి."

నాకు మాట రాలేదు. ఇన్నాళ్లుగా పక్కనే ఉండి ఆ సంగతి ఎన్నడూ అడగలేదు. 'పాపం' అనేస్తే ఇక అడగక్కర్లేదు మరి! నమిలి నమిలి రసం పోయిన చెరకు పిప్పిలాంటి మాట అది. అయినా నోట్లో ఉంది కాబట్టి ఏదో తింటున్నామనుకుంటాం.

ఆ రాత్రి ఎర్ర పెన్సిలుతో పదకొండింటికీ సున్నాలు చుట్టాను. తీసేసి 'అయ్యో' పెడితే లాభం లేదు, అది దాని చెల్లెలే. ఒక్కోదాని దగ్గరా ఆగి, "ఏమైందని పాపం?" అని నన్నే అడిగాను. కొన్నిచోట్ల జవాబు దొరికింది: చెరకు మానేసి వరి వేసుకున్న రైతు గురించి రాశాను. కొన్నిచోట్ల నాకేమీ తెలియదని తేలింది. అవి కొట్టేసి, మళ్లీ పెద్దమ్మ దగ్గరికే వెళ్లి కూర్చున్నాను.

మా నిజామాబాద్ ఖిల్లా జైల్లో దాశరథి గారు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశారు. నాకూ ఒక్క బొగ్గుముక్కే ఉంటే పదకొండు పాపాలు రాసేదాన్నా?

మీ ఊతపదం ఏదో మీకు తెలియదు. మీరు రాసింది పైకి చదవండి, ఆ సంగతి అనుభవించినవాళ్లు వినేలా. వాళ్లు చెప్పినప్పుడు మాత్రం కోపం తెచ్చుకోకండి.

మా వారు ఇప్పుడు నా 'కదా'లు లెక్కపెడుతున్నారు!