పొదుపు ఎవరి వంతు?

దీపావళి నాటి సాయంకాలం సూరత్ వ్యాపార వీధులలో కొత్త ఖాతా పుస్తకాలకు పూజ జరుగుతుంది. గుజరాతీలు దీనిని చోపడా పూజ అంటారు. ఎర్రగుడ్డ అట్ట వేసిన పుస్తకం మొదటి పుటపై స్వస్తికం దిద్ది, 'శుభ్', 'లాభ్' అనే రెండు మాటలు రాసి, గణపతిని, లక్ష్మిని అర్చించిన పిమ్మట గాని కొత్త సంవత్సరపు జమాఖర్చులు ఆరంభం కావు. లెక్కలు కంప్యూటరులోకి మారిన దుకాణాలలో సైతం ఈ ఆచారం నిలిచి ఉంది. పదిహేడవ శతాబ్దిలో ఆంగ్లేయులు, డచ్చివారు వర్తక స్థావరాలు నెలకొల్పుకొన్న ఈ రేవు పట్టణంలో లెక్క రాయడం వ్యాపార సాధనం మాత్రమే కాదు, ఒక విధమైన ధర్మాచరణ కూడా.

ఇదే నగరంలో పూజకు నోచుకోని లెక్కల పుస్తకం మరొకటి ఉంది. అది లింబాయత్, ఉధనా ప్రాంతాలలోని తెలుగు నేతకార్మికుల ఇళ్లలో ఉంటుంది. కొన్ని ఇళ్లలో అది పిల్లవాడి పాత నోటు పుస్తకంలో మిగిలిపోయిన నాలుగు కాగితాలు. మరికొన్ని ఇళ్లలో కాగితం కూడా ఉండదు; పద్దు అంతా గృహిణి మనసులోనే నడుస్తుంది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వంటి తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు సోలాపూర్‌కు, భివండీకి, ముంబయికి, సూరత్‌కు తరలివెళ్లిన చరిత్ర తెలిసినదే. ఊరిలో చేనేత మగ్గం కూడు పెట్టలేకపోయింది. పట్టణంలో మరమగ్గం రమ్మని పిలిచింది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడిపేటంతగా వీరు అక్కడ స్థిరపడ్డారు. తాపీ నది ఒడ్డున బతుకమ్మ ఆడుతున్నారు.

మరమగ్గం కార్మికుని రాబడి సాధారణంగా నేసిన మీటర్ల లెక్కన వస్తుంది. పన్నెండు గంటల షిఫ్టులో ఒక్క మనిషి అనేక మగ్గాలను కనిపెట్టుకొని ఉండాలి. మగ్గం ఆగితే మీటరు ఆగుతుంది. మీటరు ఆగితే పొయ్యి తడబడుతుంది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది జనం నగరం విడిచి వెళ్లినప్పుడు ఆగింది. 2006 ఆగస్టులో తాపీ వరద నగరాన్ని ముంచెత్తినప్పుడు, 2017 జూలైలో కొత్త పన్నుకు వ్యతిరేకంగా వస్త్ర వ్యాపారులు దుకాణాలు మూసినప్పుడు, 2020 మార్చిలో దేశమంతా తలుపులు వేసుకొన్నప్పుడు ఆగింది. ఇవి పేరున్న విపత్తులు. పేరు లేనివి ఏటా వస్తూనే ఉంటాయి: గిరాకీ పడిపోయిన నెలలు, దీపావళి సెలవులు. వ్యాపారి ఖాతా పుస్తకానికి పూజ జరిగే రోజులే కార్మికుని మగ్గానికి పని లేని రోజులు కావడం గమనించదగిన విషయం.

అటువంటి ఒక నెలలో ఒక ఇంటి పద్దును ఊహించి చూడవచ్చు. రాబడి సగానికి పడిపోయింది. ఖర్చు తగ్గించక తప్పదు. ఎక్కడ? ఇంటి అద్దె తగ్గదు. ఇంటి యజమాని నెల మొదట్లోనే వచ్చి నిలబడతాడు. కరెంటు బిల్లు కట్టకపోతే దీపం ఉండదు. చిట్టీ వాయిదా తప్పితే మాట పోతుంది. వలస వచ్చిన చోట మాటను మించిన పూచీకత్తు లేదు. ఊరిలో ఉన్న ముసలివారికి పంపవలసినది పంపకపోతే కొడుకు చెడిపోయాడన్న వార్త ఆ ఊరంతా తిరుగుతుంది. బడి ఫీజుకు గడువు ఉంది. ఇవన్నీ పోగా మిగిలినవే తగ్గించదగిన ఖర్చులు. వాటిని అనవసరమైనవి అనుకొంటే పొరపాటు. వాటికోసం గుమ్మం ముందుకు వచ్చి అడిగే మనిషి లేడు, అంతే.

అందుచేత కోత వంటింట్లో మొదలవుతుంది. వారానికొకసారి వచ్చే మాంసం నెలకొకసారి అవుతుంది. పప్పుచారు బదులు పచ్చిపులుసు వస్తుంది. చింతపండు, ఉల్లిపాయ, రెండు మిరపకాయలు ఉంటే అన్నం గొంతు దిగుతుంది. కూరగాయలు బజారు ముగిసే వేళకు, వడిలినవి చవకగా ఇచ్చే సమయానికి కొంటారు. పిల్లల పాలు అలాగే ఉంటాయి. పెద్దల చాయలో నీళ్లు ఎక్కువవుతాయి. ఆటో పోయి నడక వస్తుంది. ఆ తరువాత వంతు గృహిణి నడుము నొప్పిది. వచ్చే నెల చూపించుకోవచ్చు. చిట్టచివరిది ఆమె కంచం. అందరూ తిన్న తరువాత గిన్నెలో ఎంత మిగిలితే అంతే ఆమె ఆకలి.

ఆమె తగ్గించడమే కాదు, సంపాదిస్తుంది కూడా. చీరల మీద మిగిలిన దారాలు కత్తిరించడం, అంచులు కుట్టడం, రాళ్లు అంటించడం వంటి పనులను ఇంటికి తెచ్చుకొని చీరకు ఇంత అని కూలి తీసుకొనే స్త్రీలు సూరత్‌లో ఎందరో ఉన్నారు. మగ్గం ఆగిన నెలలో వీలైతే మరో కట్ట చీరలు తెచ్చుకొంటారు. రాత్రి దీపం కింద పెరిగిన ఆ గంటలు ఏ పద్దులోకీ ఎక్కవు. పద్దులోకి ఎక్కనిది ఇంకొకటి కూడా ఉంది. గుజరాత్‌లో రాష్ట్రావతరణ నాటి నుంచి మద్యనిషేధం ఉన్నందువల్ల చాటుగా కొన్న సీసా ఖరీదు ఏ కాగితం మీదా కనపడదు. గుట్కా పొట్లాలు కూడా అంతే. వీటిని వ్యసనమని కొట్టివేయడం తేలిక. మగ్గాల హోరులో పన్నెండు గంటలు నిలబడి రాత్రి నిద్ర ఆపుకొనేవానికి ఆ పొట్లం దాదాపు పనిముట్టు వంటిదే. అయినా ఇద్దరి అలసటలో ఒకరి అలసటకే ఉపశమనం దొరకడం, అదీ లెక్క అడగకుండా దొరకడం ఆలోచించవలసిన విషయం.

ప్రభుత్వ గణాంకాలు ఈ చోటికి రాలేవు. ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో ఆహారపు వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో చెప్పాడు. మన పట్టణ కుటుంబాలలో ఆ వాటా 1999-2000లో సుమారు 48 శాతం. 2022-23 గృహ వినియోగ సర్వేలో సుమారు 39 శాతం. పట్టణాలలో తలసరి నెల ఖర్చు సగటున 6,459 రూపాయలని అదే సర్వే తేల్చింది. విలువైన సమాచారమే. కాని తలసరి అనే మాటలో ఒక ఊహ దాగి ఉంది. ఇంటి మొత్తం ఖర్చును మనుషుల సంఖ్యతో భాగిస్తే తలసరి వస్తుంది. అంటే గిన్నెలోని అన్నం అందరి కంచాలకు సమంగా చేరిందని ముందే ఒప్పుకొన్నట్లు. గుమ్మం దాకా వెళ్లిన లెక్క లోపలి పంక్తిలో ఎవరు చివర కూర్చున్నారో చూడదు.

మితవ్యయానికి గుజరాతీలో 'కర్కసర్' అనే మంచి మాట ఉంది. పిసినారితనానికి 'కంజూసాయీ' వేరే ఉంది. తెలుగులోనూ పొదుపు వేరు, లోభం వేరు. ఎంత ఖర్చు పెట్టారన్న దానిని బట్టి ఈ రెంటినీ విడదీయడం సాధారణ పద్ధతి. కౌటిల్యుడు అలా విడదీయలేదు. అర్థశాస్త్రం రెండవ అధికరణంలో ఆయన ధనం విషయంలో దారి తప్పినవారిని మూడు తెగలుగా చెప్పాడు. తాతతండ్రుల సొత్తును అన్యాయంగా తినివేసేవాడు మూలహరుడు. ఏ పూటది ఆ పూటే ఖర్చు చేసేవాడు తాదాత్వికుడు. భృత్యులను, తనను కూడా పీడించి ధనం కూడబెట్టేవాడు కదర్యుడు. (ఈ విభజన ఆయన చేసింది రాజోద్యోగులను పరీక్షించే సందర్భంలో. ఈ పత్రిక చదువరులలో కొందరికి ఆ సంగతి ఆసక్తి కలిగించవచ్చు.) భృత్యుడంటే సేవకుడనే కాదు, భరింపబడవలసినవాడు అని కూడా అర్థం. కదర్యుని గుర్తించడానికి కౌటిల్యుడు చూసింది పెట్టెలో ఎంత చేరిందన్నది కాదు, అది ఎవరి బాధ మీదుగా చేరిందన్నది. ఈ కొలబద్దతో చూస్తే కోత ఎవరి మీద పడిందో తెలియకుండా ఒక ఇంటిని పొదుపరి అని గాని, లోభి అని గాని అనలేము.

ఇంటి లెక్క స్త్రీ చేతిలో ఉండడం మనకు కొత్త కాదు. వాత్స్యాయనుడు కామసూత్రంలోని భార్యాధికారికంలో ఏడాది ఆదాయాన్ని లెక్కగట్టి, దానికి తగినట్లు వ్యయం చేయడాన్ని ఇల్లాలి విధులలో చేర్చాడు. గౌరవంగా కనిపించే ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉంది. వ్యయం ఆమె వంతు అయింది గాని ఆదాయంపై అధికారం ఆమెకు రాలేదు. చాలనిదానిని చాలించే బాధ్యత మాత్రం చేతిలో పెట్టి, చాలకపోతే దుబారా మనిషి అనే నింద కూడా ఆమెకే మిగిల్చారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. తల్లి చివర తినడం ప్రేమ. ప్రేమకు తక్కెడ పట్టడం అల్పబుద్ధి కాదా? తేలికగా తోసివేయగల మాట కాదిది. త్యాగం లేని కుటుంబం ఏదీ నిలవదు. కాని త్యాగం త్యాగం కావాలంటే చేయకుండా ఉండే వీలు కూడా ఉండాలి. ఈ పూట తనకూ ఆకలిగా ఉన్నదని చెప్పినా ఆ ఇంటిలో ఆమె గౌరవం తగ్గదంటే, చెప్పకపోవడం ప్రేమ అవుతుంది. చెబితే చిన్నబుచ్చే ఇంటిలో చెప్పకపోవడాన్ని ప్రేమ అని ఎవరూ రుజువు చేయలేరు. ఆమె కూడా చేయలేదు.

గాంధీజీ జీవితంలో ఈ రెండు పార్శ్వాలూ కనిపిస్తాయి. 1901లో దక్షిణాఫ్రికా విడిచి వస్తున్నప్పుడు అక్కడి భారతీయులు బహుమతులు ఇచ్చారు. వాటిలో కస్తూర్బాకు ఇచ్చిన బంగారు హారం ఒకటి. అన్నింటినీ ప్రజల నిధికి అప్పగించాలని ఆయన నిశ్చయించారు. ఆమె ఒప్పుకోలేదు. ఆయన సేవ అంటే ఆమె రాత్రింబవళ్ల చాకిరీ కూడా కాదా అని వాదించింది. ఆ మాట గుచ్చుకొన్నదని, చివరకు ఎట్లాగో ఆమె సమ్మతి రాబట్టానని ఆత్మకథలో ఆయనే దాచకుండా రాసుకొన్నారు. నిర్ణయం సరైనదే కావచ్చు. వదులుకొన్న హారం మాత్రం ఆయనది కాదు.

ఇరవై తొమ్మిదేళ్ల తరువాత దండి యాత్రలో, సూరత్ జిల్లాలోని భాట్‌గామ్ గ్రామంలో, 1930 మార్చి 29న ఆయన మాట్లాడిన తీరు వేరు. వైస్రాయి జీతం నెలకు ఇరవై ఒక్క వేలని, అది బీదల సంపాదనకు ఎన్నో రెట్లని ఆ నెల మొదట్లోనే ఆయన లార్డ్ ఇర్విన్‌కు లేఖ రాసి ఉన్నారు. యాత్రికుల కోసం పాలు తేవడానికి మోటారు లారీని సూరత్‌కు పంపారని ఇప్పుడు తెలిసింది. ముందురోజు రాత్రి ఒక కూలివాడు బరువైన గ్యాసు దీపాన్ని నెత్తిన మోస్తూ నడవడం కళ్లారా చూశారు. అటువంటి లేఖ రాసే హక్కు తమకు ఏముందని నిండు సభలో తమనే నిలదీసుకొన్నారు. కోత తమ వాటా మీద పడాలి. తమ వెలుగు మరొకరి నెత్తిమీద బరువు కారాదు. ఆనాటి ప్రసంగాన్ని నిరాడంబరతకు ఉదాహరణగా తరచు చెబుతారు. ఆ నెత్తిమీది దీపం సంగతి అంతకంటె ముఖ్యమైనది.

తెలుగునాట స్త్రీలే కోత ఎక్కడ పడాలో తేల్చిన సందర్భం ఒకటి ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణాన్ని ఎదిరించారు. ఉద్యమం జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. ఆ జిల్లాలోనే రోజుకు రూపాయి చొప్పున దాచుకొనే పొదుపు లక్ష్మి సంఘాలు వెలిశాయి. మొదట ఏ ఖర్చు పోవాలో వారు చెప్పారు. ఆ పిమ్మటనే పొదుపు చేశారు. తరువాతి కాలంలో పొదుపు సంఘాలను పెంచినవారు ఈ వరుసను అంతగా పట్టించుకొన్నట్లు లేదు. సారాను ఎదిరించడం కంటె రూపాయిని లెక్కించడం కార్యాలయాలకు తేలిక మరి.

అటువంటి మాట చెల్లని ఇళ్లలో పొదుపు రహస్యమవుతుంది. పోపుల డబ్బాలో, బియ్యం అడుగున, పాత చీర మడతలో నాలుగు నోట్లు చేరుతాయి. ఇది భర్తకు తెలియకుండా చేసిన పని కనుక అసత్యమనేవారున్నారు. అడిగే హక్కు లేనిచోట దాచడం ఎంతవరకు అసత్యమో వారు చెప్పవలసి ఉంది. ఆ డబ్బు చాలాసార్లు ఆ ఇంటి జ్వరాలకే, ఆ ఇంటి ఫీజులకే ఖర్చవుతుంది. 2016 నవంబరు 8 రాత్రి అయిదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవని ప్రకటించినప్పుడు దేశమంతటా ఎందరో గృహిణులు ఈ డబ్బాలు తెరవవలసి వచ్చింది. బ్యాంకు ఖాతా లేనివారు ఆ నోట్లను తీసుకొనిపోయి భర్తల చేతిలో పెట్టారు. ఎన్ని నెలల పచ్చిపులుసు, ఎన్ని సార్లు వాయిదా పడిన నడుము నొప్పి ఆ నోట్లలో ఉన్నాయో ఆమెకు తెలుసు. ఇంటివారిలో కొందరు ఇంత డబ్బు ఎక్కడిదని అడిగారు.

సూరత్‌లో మగ్గాలు ఈ ఏడు కూడా దీపావళికి ఆగుతాయి. రాబడి తగ్గిన ఆ నెలకు పద్దు వేసుకొనే రాత్రి, లింబాయత్‌లోని ఒక గదిలో భార్యాభర్తలిద్దరూ దీపం కింద కూర్చొని, తగ్గించవలసిన వాటిని పైకి చదువుకొంటున్నారని అనుకొందాం. గుట్కా అని అతడే మొదట అంటాడు. ఆమె కాసేపు ఆలోచించి, దారాలు కత్తిరించే కళ్లకు అద్దాలు ఈ నెలే కావాలని, వాటిని జాబితా నుంచి తీసివేయవద్దని చెబుతుంది. అతడు ఎంత అవుతుందని అడిగి, అద్దెకు, ఫీజుకు మధ్య ఒక గీత గీసి అక్కడ రాస్తాడు.