నీళ్లడిగినవాడు

మే నెల వస్తే మా ఊరి పేరు రాష్ట్రమంతా వినపడుతుంది. రెంటచింతలలో 47 డిగ్రీలని టీవీలో చెప్పగానే ఎక్కడెక్కడి చుట్టాలో ఫోన్ చేసి, బతికే ఉన్నారా అని అడుగుతారు. ఆ ఎండల్లో సెంటర్లో చలివేంద్రాలు లేస్తాయి. గుడి తరఫున ఒకటి, సంఘాల తరఫున ఒకటి, ఫ్లెక్సీతో సహా పార్టీలవాళ్లది ఒకటి. నీళ్లు పొయ్యడం ఎవరికీ కష్టం కాదు, పోసే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది గనక. చెయ్యి కిందపెట్టి అడగాల్సి వచ్చినప్పుడే చిక్కంతా.

యోహాను సువార్తలో బావి దగ్గరి సమరయ స్త్రీ కథ మీద చాలా ప్రసంగాలు విన్నాను. ఆమె ఊళ్లోకి పరుగెత్తి అందరినీ పిలుచుకొచ్చిందని, మనమూ అలా పిలవాలని ముగిస్తారు. నాకు మాత్రం ఆ కథలో మొదటి మాట దగ్గరే కాలు ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం, నడిచి నడిచి అలిసిపోయి, తోడుకోవడానికి చేద కూడా లేని మనిషి, తనవాళ్లెవరూ పొత్తు పెట్టుకోని జాతి ఆడమనిషిని దాహం అడిగాడు యేసు. ఆమె ఆశ్చర్యపోయింది కూడా దానికే. బోధ ఆ తర్వాత సంగతి.

అక్టోబరులో వేద ప్రచార ఆదివారం నాడు కానుకమాత గుడిలో ఫాదర్‌గారు మీ విశ్వాసాన్ని పొరుగువారితో పంచుకోండని చెబుతారు. పూజ అయ్యాక బయట నిలబడి మాలో మేం అనుకుంటాం, పొరుగువాడికి మన గురించి తెలియందేముందని. ఎవరు పొలం గట్టు ఎంత జరిపారో, మిరప కోతల కూలి శనివారం ఇస్తామని ఎన్ని శనివారాలు దాటించారో, అత్తగారికి ఏ పళ్లెంలో అన్నం పెడుతున్నారో పక్కింటికి తెలుసు. పట్నంలో దారినపోయేవాడికి కరపత్రం ఇస్తే వాడు చదివితే చదువుతాడు, లేకుంటే పారేస్తాడు. ఇక్కడ కరపత్రం ఇచ్చేవాడి సంగతి తాతల కాలం నుంచీ చదివేసి ఉంటారు. రోజువారీ బతుకులో సాక్ష్యం ఇవ్వాలనే మాట వింటే నాకు కొంచెం భయం అందుకే. మేం ఇవ్వకముందే అది ఊరికి అందిపోయింది.

అసలు ఈ విశ్వాసం మా దాకా ఎలా వచ్చిందో తలుచుకుంటే గర్వమూ ఇబ్బందీ కలిసే వస్తాయి. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి యేసు సభ గురువులు కర్ణాటక మిషన్ పేరుతో పుంగనూరు, కృష్ణాపురం, మదిగుబ్బ వైపు తిరిగారు. కాషాయం కట్టారు, మాంసం మానేశారు, సన్యాసుల్లాగే బతికారు. రాయలసీమ రెడ్లలో కొన్ని కుటుంబాలు వాళ్ల దగ్గర జ్ఞానస్నానం తీసుకున్నాయి. తర్వాత కరువులకూ దండయాత్రలకూ తాళలేక ఈ ప్రాంతాలకు వలస వచ్చాయి. 1773లో పోపు యేసు సభనే రద్దు చేశాడు. ఉన్న గురువులు ముసలివాళ్లై పోయారు, సరిపడా కొత్తవాళ్లు రాలేదు. ఏళ్ల తరబడి పూజ చెప్పే దిక్కు లేకపోయినా ఇళ్లలో జపాలు ఆగలేదు. తల్లులు పిల్లలకు నేర్పారు, ఉపదేశులు ఊరూరా తిరిగి కాపాడుకొచ్చారు. గురువు లేకుండానే విశ్వాసం చేతులు మారిన కథ ఇది. ఇంతకన్నా పెద్ద వేద ప్రచారం నాకు తెలియదు.

ఇక ఇబ్బంది సంగతి. ఆ గురువులు కాషాయంతో పాటు దాని మడినీ కట్టుకున్నారు. పెద్ద కులాలవాళ్లు దగ్గరికి రానివ్వాలంటే, చిన్న కులాలవాళ్లతో కలిసి తినే మనిషిగా కనపడకూడదు. ఆనాటి లెక్కలో అది ఉపాయం. మా పెద్దలు మాత్రం దాన్ని కూడా జపాలతో పాటే మూట కట్టుకుని పల్నాడు దాకా మోసుకొచ్చారు.

మాల, మాదిగ పల్లెల్లోకి సువార్త ఇంకో దారిన వెళ్లింది. 1842లో గుంటూరు చేరిన అమెరికన్ లూథరన్ ఫాదర్ హయ్యర్ 1849లో మా పక్కనే గురజాలలో మకాం పెట్టాడు. ఆయన మాట విన్నవాళ్లలో ఎక్కువమంది మాలలు. ఒంగోలు వైపు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన తోళ్ల వ్యాపారం మీద తిరుగుతూ, విన్నది తనవాళ్లకు చెప్పుకుంటూ పోయాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని బాప్టిస్టు చరిత్రలో రాసుకున్నారు. పేరు మిషనరీ క్లౌ దొరగారికి దక్కింది గానీ, దానికి చాలా ఏళ్ల ముందే ఆ దుమ్ములో కాళ్లరిగేలా తిరిగింది పేరయ్య. ఆయన సంతకు పోయేది బేరానికే. దేవుడి మాట కూడా బేరం మధ్యలో దొర్లేదనుకుంటాను.

అలా ఒకే ప్రభువు పేరు చెప్పుకునే రెండు బజార్లు తయారయ్యాయి. రాయలసీమ నుంచి కృష్ణ ఒడ్డు దాకా నడిచొచ్చిన విశ్వాసం, మా బజారు నుంచి పల్లెకు పోవడానికి మాత్రం ఆయాసపడింది. ఒకే శాఖలో ఉన్నచోట కూడా వేరే వరసలు, వేరే సమాధుల దొడ్లు తెలుగునాట చాలా ఊళ్లలో చూశాం.

నేను క్రైస్తవుణ్ణి అని చెప్పుకోవడానికయ్యే ఖర్చు కూడా రెండు బజార్లలో ఒకటి కాదు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు అందరికీ ఇచ్చింది. నేను మెళ్లో జపమాల వేసుకుని ఏ ఆఫీసుకు వెళ్లినా పోయేదేమీ లేదు. పల్లెలో డిగ్రీ చదివే కుర్రాడు అదే మాట కాగితం మీద రాస్తే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ కాకుండా పోతాడు, బీసీ-సి అవుతాడు, ఒక్క శాతం వాటాలో వెతుక్కోవాలి. అందుకని ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక పేరు. వాళ్లకు ధైర్యం లేదని మావాళ్లు ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఖర్చు లేని ధైర్యం గురించి మాట్లాడటం కూడా చలివేంద్రం లాంటిదే.

పల్నాడులో పుట్టినవాడికి ఈ విషయంలో క్రైస్తవం రాకముందే ఒక పాఠం ఉంది. పల్నాటి వీరుల కథలోని బ్రహ్మనాయుడు చెన్నకేశవస్వామి భక్తుడు, మాచర్లలో ఆ గుడి ఇప్పటికీ ఉంది. ఆయన తన వైష్ణవాన్ని ఎలా చాటాడని ఇక్కడ ఎవరిని అడిగినా చాపకూడు అనే చెబుతారు. అన్ని కులాలవాళ్లను ఒకే చాప మీద కూచోబెట్టి అన్నం పెట్టాడు, మాల కన్నమదాసును కొడుకుగా చేసుకుని సేనానిని చేశాడు. ఇప్పటికీ కారెంపూడి వీరారాధన ఉత్సవాల్లో మందపోరు రోజున చాపకూడు జరుగుతుంది. బల్ల చుట్టూ కూచుని ఒకే రొట్టె విరుచుకున్న కథతో మొదలైన మతం మాది. ఆ చాప ముందు మేం కాస్త తల వంచుకోవాల్సిందే.

పల్లెలోకి మా బజారు మనిషి వెళితే ఒక ఆనవాయితీ ఉంది. కుర్చీ వేస్తారు, పిల్లాణ్ణి కొట్టుకు పరిగెత్తించి మూత తియ్యని కూల్‌డ్రింక్ తెప్పిస్తారు. ఆ సీసాలో మర్యాద ఉంది, మా ఇంటి నీళ్లు మీరు తాగరులే అనే ఎరుకా ఉంది. కోతల సంగతి మాట్లాడటానికి ఒక వేసవిలో మా మిరప చేలో పనికొచ్చే ముఠామేస్త్రి ఇంటికి వెళ్లాను. లూథరన్ కుటుంబం. పిల్లాడు చెప్పులేసుకుంటుంటే ఆపి, కుండలో నీళ్లిమ్మన్నాను.

మేస్త్రి తల్లి నన్ను ఎగాదిగా చూసింది. "కుండనీళ్లా మాస్టారూ?" అంది. గ్లాసు కడిగి, మళ్లీ కడిగి ఇచ్చింది. తాగాను. ఇంకో గ్లాసు అడిగాను, నిజంగానే దాహం. ఆ తర్వాత మాటలు వేరే దారిన నడిచాయి. వాళ్ల గుళ్లో పాటల సంగతి చెప్పింది, మీరు మరియమ్మనెందుకు మొక్కుతారని నిలదీసింది. నాకు తోచింది చెప్పాను, ఆమెకు నచ్చలేదు, తలాడించి ఊరుకుంది. విశ్వాసం గురించి ఒక మనిషితో అంత తీరిగ్గా మాట్లాడి చాలాకాలమైంది. అందులో సగానికి పైగా నేను వినడమే.

లేవబోతుంటే నవ్వుతూనే అడిగింది: "నీళ్లంటే తాగారు సరే. మీవోడికి మా మనవరాలినిస్తే చేసుకుంటారా ఏంది?"

మేస్త్రి ఊరుకోమ్మా అన్నాడు. ఆమె ఊరుకోలేదు, నా ముఖంలోకే చూస్తూ నిలబడింది. మావాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు, సంబంధాలు చూస్తున్నాం. పెళ్లిళ్ల పేరయ్య దగ్గరున్న కాగితంలో వాడి పేరు కింద 'ఆర్‌సీ రెడ్డి' అని ఉంది. ఆ రెండో మాట కొట్టేయమని ఆయనకు చెప్పాలంటే ముందు మా ఇంట్లో మాట్లాడాలి.