వర్ధిల్లుట అనగా ఏమి?



కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లోని మా సంఘములో ప్రతి యేట కృతజ్ఞతార్పణ పండుగనాడు సాక్ష్యములు చెప్పుట ఆనవాయితీ. క్రిందటి పండుగకు ఒకరు ఇల్లు కట్టుకున్నందుకు, ఒకరు కుమారునికి విదేశములో ఉద్యోగము దొరికినందుకు, మరొకరు కుమార్తెకు ఇంజనీరింగు సీటు వచ్చినందుకు దేవుని స్తుతించారు. పేర్లు పిలిచినది నేనే. ఆరాధన ముగిశాక చివరి బెంచీలో కూర్చున్న ఒక సహోదరుడు నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, చెప్పుకోవడానికి నాకేమీ లేదు. దేవుడు నన్ను మరచిపోయాడంటారా?" అని అడిగారు. ఏదో ఓదార్పు మాట చెప్పి పంపించాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆయన సంగతి నాకు తెలియనిది కాదు. 2001 ఫిబ్రవరిలో బంగారు గనులు మూతపడినప్పుడు పని పోయినవారిలో ఆయన ఒకరు. నాటి నుండి తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు వెళ్లి, కూలి చేసుకొని, చీకటి పడ్డాక ఇల్లు చేరుతారు. చనిపోయిన తమ్ముని పిల్లలిద్దరిని తన పిల్లలతో సమానముగా పెంచారు. ఎవరికీ బాకీ లేరు. అయినను ఆయన పేరు పిలవాలని నాకు తోచలేదు.

కారణమేమని ఆలోచించాను. మన పెద్దలు పొట్ట చేతపట్టుకొని ఊరు విడిచి వచ్చినవారు. స్వగ్రామము వెళ్లినప్పుడెల్లా బంధువులు అడిగేది ఒక్కటే: ఇన్నేళ్లు అక్కడుండి ఏమి సంపాదించావు? ఆ ప్రశ్ననే మనము దేవుని మందిరములోనికి కూడ తెచ్చుకున్నాము.

పరిశుద్ధ గ్రంథము ఏమి చెప్పుచున్నది? ఆదికాండము 39వ అధ్యాయము చదవండి. యోసేపు వర్ధిల్లెనని వ్రాయబడినది అతడు ఐగుప్తులో అధిపతి అయినప్పుడు కాదు, పోతీఫరు ఇంట అమ్ముడుపోయిన దాసుడైయున్నప్పుడు. అధ్యాయము చివర చెరసాలలో ఉన్నప్పుడు కూడ దేవుడు అతని పనిని సఫలము చేసెనని ఉన్నది. అతనికి ఇల్లు లేదు, జీతము లేదు, మంచి పేరు కూడ పోయినది. దేవుడు తోడుగా ఉండుటయే అతని వర్ధిల్లుట.

మన తెలుగు బాప్టిస్టు చరిత్రను కూడ చూడండి. శామ్యూల్ డే దొరగారు 1836లో మన దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరులో పని ప్రారంభించారు. ఆరోగ్యము చెడి 1853లో తిరిగి వెళ్లేనాటికి విశ్వాసులు బహు కొద్దిమంది. ఆ సంవత్సరమే అమెరికాలో మిషను పెద్దలు ఈ పనిని మానివేయుదమా అని చర్చించారు. డే గారు 1871లో కన్నుమూశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినములో 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి ఆయన ఎరుగరు. అయితే ఆయన జీవితము విఫలమైనదని ఎవరనగలరు?

క్లౌ దొరగారి మాట కూడ మరువకూడదు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించారు. బాప్తిస్మము కోరి అనేకులు వచ్చినను, కూటి కొరకు వచ్చినారేమోనని కరువు పనులు సాగినంతకాలము ఇవ్వలేదు. లెక్క పెంచుకొనుటే విజయమనుకుంటే అంతకన్న మంచి సమయము దొరుకునా? ఆయన లెక్కకన్న సత్యమునే ఎంచుకున్నారు.

నేను పేదరికమును పొగడుట లేదు. బిడ్డల చదువు, సొంత ఇల్లు దేవుని ఈవులే, స్తుతించవలసినదే. యోహాను తన స్నేహితుడైన గాయు అన్ని విషయములలో వర్ధిల్లవలెనని ప్రార్థించాడు. అయితే ఆ కొలత అతని ఆత్మ వర్ధిల్లుటయే. ఈవిని చూచి దేవుని స్తుతించుట వేరు, ఈవి లేనివానిని చూచి దేవుడు అతని విడిచెననుకొనుట వేరు. రెండవది యోబు స్నేహితులు చేసిన తప్పు.

పోయిన వారము ఆ సహోదరుని ఇంటికి వెళ్లాను. "మీ ప్రశ్నకు ఆనాడే జవాబు చెప్పవలసినది, క్షమించండి" అన్నాను. రాబోయే పండుగకు మొదటి సాక్ష్యము మీదేనన్నాను. "నేనేమి చెప్పాలి మాస్టారూ?" అన్నారు. పనిలేని దినములలో కూడ దేవుడు ఎట్లు తోడైయుండెనో చెప్పితే చాలునన్నాను. ఆయన చాలసేపు మౌనముగా ఉండి, తరువాత తలూపారు.

మీ సంఘములో చివరి బెంచీలో ఎవరు కూర్చుంటున్నారో ఒకసారి చూడండి. ప్రభువు మన కన్నులు తెరచును గాక. ఆమేన్.