గోటికి రంగు, కనురెప్పకి దద్దురు

నెయిల్ పాలిష్ పడనివాళ్ళకి దద్దుర్లు ఎక్కువగా వేళ్ళ మీద రావు. కనురెప్పల మీద, మెడ మీద వస్తాయి. రంగు పూర్తిగా ఆరకముందే ఆ గోళ్ళతో మన ముఖాన్ని మనకి తెలీకుండానే ఎన్నిసార్లు తాకుతామో! చర్మవైద్యులు దీనికి ముఖ్య కారణంగా చెప్తూ వచ్చింది టోసిలమైడ్ ఫార్మాల్డిహైడ్ రెజిన్ అనే కృత్రిమ పాలిమర్‌ని. రంగులో పొర కట్టేది నైట్రోసెల్యులోజ్. అదొక్కటే అయితే పెళుసుబారి పెచ్చులూడిపోతుంది. దాన్ని గోటికి అతుక్కునేట్టు, నిగనిగలాడేట్టు చేసేది ఈ రెజిన్.

సింగారం ఒకచోట, బాధ మరోచోట. ఇక్కడ ఆ మరోచోటు కూడా మన ఒంటి మీదే ఉంది కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. అది ఇంకో స్త్రీ ఒంట్లో ఉంటే?

అమెరికాలో కాలిఫోర్నియా సంగతే చూడండి. అక్కడి నెయిల్ సెలూన్లలో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది వియత్నాం నుంచి వలస వచ్చిన ఆడవాళ్ళు. వచ్చినవాళ్ళు అరగంట కూర్చుని లేచిపోయే కుర్చీకి ఎదురుగా ఆమె రోజంతా కూర్చుంటుంది. రంగు ఆరడమంటే ఏమిటి? అందులోని ద్రావకం ఆవిరై ఆ గదిలోకి చేరడం. గోటి మీద మిగిలేది పొర. మిగతాదంతా ఆమె పీల్చే గాలిలోకే.

"నా శరీరం, నా ఇష్టం" అన్నమాట మనం పోరాడి తెచ్చుకున్నది. దాన్ని వదులుకోమనడం లేదు. గోరింటాకుకి తిరిగి పొమ్మనీ అనను (రోట్లో నూరిన చేతుల శ్రమని అప్పుడు మాత్రం ఎవరు లెక్కపెట్టారు?). ఆ మాటని అక్కడితో ఆపెయ్యడంతోనే నా పేచీ. ఇష్టపడేది నేనొక్కదాన్నే. అందులో ఇరుక్కున్న శరీరాలు మాత్రం రెండు.

లేబుల్ కొనేవాళ్ళతోనే మాట్లాడుతుంది. టొలుయీన్, డైబ్యుటైల్ థాలేట్, ఫార్మాల్డిహైడ్ - ఈ మూడూ లేవని సీసా మీద రాసుకోవడం ఒక గొప్పయింది. 2012లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ ఒకటి సెలూన్లలో వాడే రకాల్ని పరీక్షిస్తే, టొలుయీన్ లేదని చెప్పుకున్న 12 రకాల్లో 10 రకాల్లో అది ఉంది.

అబద్ధాల సంగతి వదిలేసి, నిజం చెప్పే లేబుల్‌నే తీసుకుందాం. ఇప్పుడు చాలా రకాల్లో ఆ రెజిన్ బదులు పాలియెస్టర్ జాతి పాలిమర్లు వేస్తున్నారు. కనురెప్పలకి మేలే. కానీ ఇథైల్ ఎసిటేట్, బ్యుటైల్ ఎసిటేట్ అలాగే ఉన్నాయి, అవి ఆవిరైతే తప్ప రంగు ఆరదు. 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం మంచి సెలూన్లకి గుర్తింపునిచ్చే పద్ధతి పెట్టినప్పుడు సీసాలో ఏముందని చూసి ఊరుకోలేదు. ఆ గదిలో గాలి బయటికి పోతోందా అని కూడా అడిగింది.