సూది కంటే ముందు ఒక చుక్క



గోదావరిఖనిలో వానాకాలం రాత్రి. తండ్రి నైట్ షిఫ్టుకు బాయికి వెళ్లాడు. పిల్లవాడి ఒళ్లు కాలిపోతోంది. తల్లి దగ్గరలోని ఆర్.ఎం.పి. వద్దకు పరుగెత్తి, "ఒక్క సూది ఎయ్యుండ్రి సారూ" అంటుంది. ఆమెను తప్పు పట్టగలమా?

అయితే జ్వరం జబ్బు కాదు, జబ్బు పంపిన కబురు. మలేరియా, డెంగీ, టైఫాయిడ్ అన్నిటికీ మొదట ఒకే ముఖం. 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనడానికి సూక్ష్మదర్శిని ముందు ఎంతగానో శ్రమించాడు. నేడు ఆశా కార్యకర్త బిడ్డ వేలికొన గుచ్చి, ఒక్క చుక్క రక్తం పట్టీపై వేస్తే ఇంచుమించు 20 నిమిషాల్లో మలేరియా సంగతి తెలుస్తుంది. పరీక్షించాకే మలేరియా మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సూచించింది.

అసలు పరీక్ష ఆ తర్వాత మనకే. పట్టీపై మలేరియా గీత రాలేదు. తల్లి మనసు కుదుటపడాలని అక్కరలేని యాంటిబయాటిక్ ఇస్తే అది దయేనా? వైరస్ జ్వరానికి అది పనిచేయదు. పైగా మందుకు లొంగని క్రిములు పెరిగితే, రేపు న్యుమోనియా వచ్చిన పక్కింటి బిడ్డకు ఆ మందే అక్కరకు రాకపోవచ్చు. ఒక బిడ్డ పేరున మరో బిడ్డ వాటాను ఖర్చు చేసినట్లే.

అలాగని "మలేరియా లేదు, పొండి" అనడమూ న్యాయం కాదు. ఎగశ్వాస, ఫిట్స్, మగత కనిపిస్తే క్షణం ఆగక ఆసుపత్రికి తేవాలనీ, జ్వరం తగ్గకుంటే రేపు మళ్లీ రావాలనీ చెప్పాలి. బాయిలో గ్యాసు పరీక్షించాకే మనుషులను పనిలోకి పంపుతారు. పరీక్ష అయిందని కాపలా మానరు. బిడ్డ విషయంలోనూ అంతే.