ఒప్పందంలో సమ్మతి ఎంత?

గల్ఫ్ దేశాలకు పోయి, జీతం రాక, వీసా గడువు తీరి చిక్కుకుపోయిన కార్మికుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట వినవస్తుంది: "ఎవరు పొమ్మన్నారు? తెలిసే సంతకం పెట్టాడు గదా!" ఈ మాట ధనికులే కాదు, చదువుకున్నవాళ్ళూ, అభ్యుదయ భావాలున్నవాళ్ళూ అంటారు. దీని వెనుక ఒక నీతిసూత్రం వుంది: మనిషి తన ఇష్టంతో ఒప్పుకున్నదాని ఫలితానికి తానే బాధ్యుడు. ఈ సూత్రాన్ని తోసిపుచ్చటం తేలిక కాదు, తోసిపుచ్చనవసరమూ లేదు. అది ఇక్కడ వర్తిస్తుందా, లేదా అన్నదే మనం తేల్చుకోవలసిన విషయం.

ఒప్పందమంటే ఇద్దరి మధ్య జరిగే వాగ్దానం. దానికి నైతిక బలం వచ్చేది సంతకం వల్ల కాదు, కాదనగల స్వేచ్ఛ ఇద్దరికీ వుండటం వల్ల. జగిత్యాల నుంచో, సిరిసిల్ల నుంచో, నిజామాబాదు నుంచో రెండేళ్ళ ఒప్పందం మీద సౌదీకి పోయే కూలీని తీసుకుందాం. ఏజెంటు తన సేవకు 30,000 రూపాయలూ, దానిపై పన్నూ మించి తీసుకోరాదని 2017లో నిబంధన సవరించారు. ఆచరణలో వీసా పేరుతో, టిక్కెట్టు పేరుతో, మధ్యవర్తి పేరుతో గుంజేది దానికి ఎన్నో రెట్లు. ఆ డబ్బు ఊళ్ళో వడ్డీకి తెచ్చిందే. కాబట్టి విమానమెక్కేనాటికే అతనికి రెండు ఒప్పందాలుంటాయి: యజమానితో రెండేళ్ళది, వడ్డీవ్యాపారితో గడువు లేనిది. మొదటిది వికటించినా రెండోది ఆగదు. అక్కడ దిగాక చెప్పిన పని ఒకటి, పెట్టిన పని ఒకటి అయితే వెనక్కి తిరిగే దారిని ఆ అప్పు మూసివేస్తుంది.

అయితే ఇక్కడితో ఆగితే వాదన పూర్తి కాదు. సిరిసిల్లలో మరమగ్గం మీద పనిచేసేవాడూ అవసరం కొద్దీ వచ్చినవాడే గదా అని ఎదుటివారు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పెట్టుబడిదారీ సమాజంలో కార్మికుడు రెండర్థాలలో "స్వేచ్ఛాజీవి" అన్నాడు మార్క్స్: తన శ్రమశక్తిని తాను అమ్ముకోగలడు, అది తప్ప అమ్ముకోవటానికి అతనికి మరేమీ లేదు. మగ్గం కార్మికుడికి ఈ రెండూ వున్నాయి. ఒక సేటు జీతం ఎగవేస్తే మరో సేటు దగ్గరకు పోగలడు. ఊళ్ళోనే వుండి పాత బాకీ కోసం పోట్లాడగలడు. ఒప్పందం మీద గల్ఫ్ పోయినవాడికి ఈ రెండిటిలో మొదటిదే కరువు.

కఫాలా పద్ధతి సారాంశం ఇదే. కఫీల్ అంటే జామీనుదారు. కార్మికుడు ఆ దేశంలో వుండే హక్కు అతని పేరుతో ముడిపడి వుంటుంది. సౌదీలో అకామా కార్డును తిరిగి చేయించవలసినది యజమాని. చేయించకపోతే చట్టం కళ్ళకు నేరస్థుడయ్యేది కార్మికుడు. "పారిపోయాడు" అని యజమాని హురూబ్ ఫిర్యాదు పెడితే చాలు, జీతం అడగవలసినవాడు పోలీసుకు దొరక్కుండా దాక్కోవలసినవాడవుతాడు. బాకీ పడినవాడి చేతిలోనే బాకీ అడిగే హక్కు వుందన్నమాట. ఈ ఒక్క సంగతి చాలు, సంతకానికి నైతిక విలువ లేకుండా పోవటానికి.

2016లో చమురు ధరలు పడిపోయి సౌదీలోని పెద్ద నిర్మాణ సంస్థలు నెలల తరబడి జీతాలివ్వలేదు. వేలాది భారతీయ కార్మికులు తిండికి కూడా కరువై శిబిరాలలో మిగిలారు. మన ప్రభుత్వం ఆహారం పంపింది, ఉచితంగా వెనక్కి తెస్తామన్నది, రావలసిన బాకీల వివరాలు అధికారులకిచ్చి ఇంటికి రమ్మన్నది. ప్రాణాలు నిలిపిన మాట నిజమే. కాని ఇంటికి రావటమంటే బాకీని వదిలి రావటమేనని చాలామంది తటపటాయించారు. తన కూలి కోసం నిలబడి అడిగే చోటు పోతే ఆ కూలి మీద హక్కు కాగితం మీదనే మిగులుతుంది.

ఇది కొత్త కాదు. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా మన తెలుగువాళ్ళు కూడా అయిదేళ్ళ ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నేటాలుకు చెరకు తోటల పనికి పోయారు. ఒప్పందం ముగిశాక తిరిగిపోకుండా, కొత్త ఒప్పందానికి ఒప్పుకోకుండా అక్కడే వుండదలచినవారి మీద 1895లో ఏటా మూడు పౌన్ల పన్ను విధించారు. 1913 సత్యాగ్రహం తరువాత, 1914లోగాని అది రద్దు కాలేదు. కూలీ కావాలి, మనిషి అక్కర్లేదన్నది ఆనాటి తోటల యజమానుల నీతి. గడువు కట్టిన వీసాలోనూ ఆ నీతే వుంది.

మార్పులు రాలేదనటం అబద్ధమవుతుంది. యజమాని అనుమతి లేకుండానే పని మారవచ్చునని ఖతార్ 2020లో చట్టం చేసింది. 2021లో సౌదీ కూడా కొన్ని సడలింపులిచ్చింది. కాని ఇంటిపనివాళ్ళను, డ్రైవర్లను, వ్యవసాయ కూలీలను ఆ సడలింపుల నుంచి మినహాయించింది. అంటే యజమాని ఇంటి గోడల మధ్య వుండి, బయటి ప్రపంచానికి ఏ మాత్రం కనపడనివారికే అవి అందలేదు. మన పాలకులూ తక్కువ తినలేదు. గల్ఫ్ దేశాలకు పోయేవారికి నిర్ణయించిన కనీస వేతనాలను కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. నిరసనలు వచ్చి, తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం నడిచాక 2021లో పాత వేతనాలను పునరుద్ధరించింది. బేరమాడలేనివాడి తరఫున బేరమాడవలసినవారే అతని ధర తగ్గించారు.

మన భాషలో దాగిన అన్యాయం కూడా ఒకటుంది. జీతం ఇవ్వని యజమానిని "ఆర్థిక ఇబ్బందుల్లో వున్నాడు" అంటాం. జీతం రాక ఆ పని వదిలి మరోచోట పనిచేసుకునేవాడు "ఖల్లివెల్లి" అవుతాడు, అక్రమంగా వున్నవాడవుతాడు. మాట తప్పినవారు ఇద్దరనుకున్నా మొదట తప్పిందెవరు? కూలి ఇస్తానన్న వాగ్దానం చెడినప్పుడు పని చేస్తానన్న వాగ్దానం మాత్రం ఎలా నిలుస్తుంది? అతడు పారిపోవటంలో నేనైతే అవినీతిని చూడను. కాదనే స్వేచ్ఛ ముందు ఇవ్వనందువల్ల అతడు ఆలస్యంగా, ప్రాణాలకు తెగించి దాన్ని వాడుకుంటున్నాడు.

"మళ్ళీ మళ్ళీ పోతున్నారు గదా" అన్నది చివరి ఆక్షేపణ. పోతున్నారు. ఆ డబ్బుతో ఇళ్ళు కట్టారు, పిల్లల్ని చదివించారు. వారిని ఏజెంట్లు ఆడించే బొమ్మలుగా చూడటం కూడా అవమానమే. కాని పోవటానికి ఒప్పుకోవటం వేరు, కూలి ఎగవేతకు ఒప్పుకోవటం వేరు. రెండోదానికి ఎవరూ సంతకం పెట్టలేదు.

కాబట్టి మనం అడగవలసినది ప్రయాణాలు ఆపమని కాదు. అక్కడ వుండే హక్కును యజమాని చేతి నుంచి విడదీయాలి. బాకీ తేలేదాకా కార్మికుడు అక్కడ వుండనివ్వాలి, వేరే పని చేసుకోనివ్వాలి. ఇంటికి వచ్చేసినా ఇక్కడినుంచి దావా నడిపే ఏర్పాటు ప్రభుత్వం తన ఖర్చుతో చెయ్యాలి. ఇవి దయాధర్మాలు కావు, ఒప్పందం అనే మాటకు అర్థం కల్పించే కనీస షరతులు. మన కళాశాలల్లో గల్ఫ్ డబ్బుతో చదివే పిల్లలున్నారు. "తెలిసే సంతకం పెట్టాడు గదా" అన్న మాట తరగతి గదిలో వినిపించినప్పుడు, ఆ సంతకం దగ్గర కాదనే అవకాశం ఎంత వున్నదో వారితో కలిసి లెక్క చూడటం ఉపాధ్యాయులుగా మనకు సాధ్యమైన పని.